నీళ్ళు మానకండి, వేళ మార్చండి

(శ్రీకాకుళంలో పింఛనుదారుల సమావేశంలో ఒక విశ్రాంత నర్సు మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవారికి వినబడుతోందా? ఆ తలుపు వారగా కూర్చున్న అమ్మలు కొంచెం ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తలుపు దగ్గర ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. మధ్యలో లేవాల్సి వస్తే నలుగురి కాళ్ళూ తొక్కుకుంటూ వెళ్ళక్కర్లేదని. అవునా? పెళ్ళికెళ్ళినా, హరికథకెళ్ళినా, బస్సెక్కినా ముందు మన కళ్ళు వెతికేది అదే. బాత్రూం ఎటుంది? తలుపు ఎటుంది? ఇవాళ నేను మాట్లాడబోయేది సరిగ్గా ఆ సంగతే.

ఒంటేలు ఆగకపోవడం. పాస్ అంటారు, ఒకటి అంటారు, డాక్టరు దగ్గర యూరిన్ అంటారు, ఏ పేరైనా పెట్టుకోండి. నేను 34 ఏళ్ళు నర్సుగా పనిచేశాను. గుండెలో నొప్పి అని గట్టిగా చెప్పినవాళ్ళని చూశాను. మోకాళ్ళు పట్టేశాయని వీధంతా వినబడేలా చెప్పినవాళ్ళని చూశాను. "నాకు ఒంటేలు ఆగడంలేదమ్మా" అని గట్టిగా చెప్పినవాళ్ళని ఒక్కరినీ చూడలేదు. ఇంజెక్షను చేయించుకుని, చీర సర్దుకుని, గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చెవిలో చెబుతారు. మగవాళ్ళయితే అదీ లేదు, భార్య చేత చెప్పిస్తారు. అందుకే ఇవాళ నేనే మైకులో చెబుతాను. మీరు వినండి చాలు, ఎవరినీ చేతులెత్తమనను.

ముందు మా అమ్మ సంగతి చెబుతాను. ఆవిడ ఇప్పుడు లేరు. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మే నెలలో మా పిన్ని మనవరాలి పెళ్ళి. ఫంక్షన్ హాలు పెద్దదే, డెకరేషనూ బావుంది. బాత్రూములు మాత్రం వెనకాల వంటశాల దాటి వెళ్ళాలి. ఒకదానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. మా అమ్మ పొద్దున్నుంచీ కుర్చీలోంచి లేవలేదు. ఒక కుర్రాడు ట్రేలో నీళ్ళ గ్లాసులు తెచ్చాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నేను వెళ్ళి, "ఏమ్మా, తాగవేం?" అన్నాను. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చెప్పింది. "వద్దమ్మా, తాగితే మల్లీ లెగాల. ఇక్కడ ఎవుల్ని అడగతాను?"

సాయంత్రం అప్పగింతల వేళ పక్కకి ఒరిగిపోయింది. నోరు తెరిస్తే నాలుక ఎండిన తాటాకులా ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైను పెట్టించాక, రాత్రెప్పుడో వచ్చింది ఒంటేలు. చింతపండు పులుసు రంగులో ఉంది. అప్పుడడిగాను, ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలాగ అని. నాలుగేళ్ళ నుంచట. దగ్గితే పడుతోంది, గబుక్కున వస్తోంది, గదిలోంచి పెరటికి వెళ్ళేలోపు చీర తడుస్తోంది. దానికి తనంతట తను కనిపెట్టుకున్న మందు, నీళ్ళు మానేయడం. నాలుగేళ్ళు. నేను నర్సుని, ఆవిడ కూతుర్ని, వారానికోసారి ఇంటికెళ్ళేదాన్ని. నాకు తెలీలేదు. వార్డులో ఎవరెన్ని నీళ్ళు తాగారో కాగితం మీద రాసే మనిషిని, మా అమ్మ ఎన్ని తాగుతోందో చూసుకోలేదు.

అందుకే చెబుతున్నాను. నీళ్ళు మానేస్తే ఒంటేలు ఆగుతుందనుకోవడం తప్పు. ఎందుకు తప్పో చెబుతాను.

మన పొలం గట్టు భాషలో చెప్పుకుందాం. చెరువుకి మదుం ఉంటుంది కదా. చెరువు నిండుతుంది, మదుం మూసుంటుంది. మనకి కావలసినప్పుడు తీస్తాం. మూత్రసంచి కూడా అంతే. దాంట్లో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. 150, 200 చేరేసరికి మెదడుకి మొదటి కబురు వెళ్తుంది, "నిండుతున్నాను" అని. వయసులో ఉన్నప్పుడు మెదడు "ఉండు, ఇప్పుడు కాదు" అంటుంది, సంచి వింటుంది. గంటో రెండు గంటలో ఆగుతుంది. పెద్దవయసులో సంచి అంత సాగదు. ఆ సంచి గోడలో ఉన్న కండరం మన మాట వినకుండా తనంతట తనే బిగుసుకుంటుంది. మొదటి కబురుకీ చివరి కబురుకీ మధ్య వ్యవధి తగ్గిపోతుంది. ఆడవాళ్ళకి కాన్పుల వల్లా, ముట్లు ఆగిపోయాకా మదుం బలహీనపడుతుంది. మగవాళ్ళకి సంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మదుం దగ్గర అడ్డం పడుతుంది. 

ఇప్పుడు నీళ్ళు మానేశారనుకోండి. ఒంటేలు తయారవడం ఆగదు. కొంచెమే వస్తుంది కానీ చిక్కగా వస్తుంది. వేసవిలో చెరువు అడుగున మిగిలిన నీళ్ళు చూశారా, రంగు మారి, వాసన పట్టి? అలాగే. ఆ చిక్కటి ఒంటేలు సంచి గోడని రేపుతుంది. కొంచెం చేరేసరికే సంచి "పదపద" అంటుంది. అంటే తక్కువ తాగి, ఎక్కువసార్లు పరిగెత్తుతాం. రెండోది, సంచి బాగా కడుక్కుపోదు, ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ వస్తే అప్పటిదాకా ఆగినవాళ్ళకి కూడా ఆగదు. మూడోది, మలబద్ధకం. లోపల గట్టిపడి కూర్చున్నది మూత్రసంచిని నొక్కుతుంది. చూశారా, మందనుకుని చేసిన పని రోగాన్ని మూడు వైపుల నుంచీ పెంచుతోంది.

ఇంకొకటి, ఇది మన జిల్లా. వేరే ఊళ్ళో చెబితే ఇంత గట్టిగా చెప్పకపోదును. మన ఉద్దానం సంగతి ఎవరికి తెలీదు? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇటు పలాస, అటు ఇచ్ఛాపురం. ఎన్ని కుటుంబాల్లో కిడ్నీ జబ్బు! కారణం ఇదీ అని ఇన్నేళ్ళయినా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులేసి ఆ ఊళ్ళకి నీళ్ళిచ్చే పథకం పెట్టారు. మంచినీళ్ళ కోసం ఇంత తపన పడ్డ జిల్లాలో, చేతికందిన గ్లాసుని చీర తడుస్తుందనే భయంతో పక్కకి నెట్టేయడమా? ఎండలో ఒళ్ళు ఎండిపోతే కిడ్నీలకి దెబ్బ, ఆ మాట మాత్రం అందరు డాక్టర్లూ చెబుతారు.

మరి ఎంత తాగాలి? మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు. మన ఇళ్ళల్లో స్టీలు గ్లాసు ఉంటుంది కదా, అది 200 నుంచి 250 పడుతుంది. అంటే ఏడెనిమిది గ్లాసులు. దాంట్లోనే మజ్జిగ, అంబలి, చారు అన్నీ లెక్క. ఎండాకాలం చెమటపడితే ఇంకో రెండు గ్లాసులు. ఒక్క మాట, ఇది జాగ్రత్తగా వినండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, ఈ లెక్క మీది కాదు. మీ డాక్టరు ఎన్ని గ్లాసులు చెబితే అన్నే. నా మాట విని పెంచొద్దు, పక్కింటివాళ్ళ మాట విని తగ్గించొద్దు. మిగతావాళ్ళు సరిపడా తాగుతున్నామో లేదో తెలుసుకోవడానికి ఒంటేలు రంగు చూసుకోండి. లేత గడ్డి రంగులో ఉంటే బావుంది. ముదురు పసుపైతే చాలడం లేదు.

నీళ్ళ సంగతి ఇది. ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం.

టీ. అవును, టీయే. అలా చూడకండి, మానెయ్యమని అనను. మన శ్రీకాకుళంలో ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపితే మర్యాద కాదు. ఇచ్చిన టీ తాగకుండా లేచినా మర్యాద కాదు. నాకు తెలుసు. మా వీధిలో ఒక మాస్టారున్నారు, రిటైరయి పదేళ్ళు. రాత్రి నాలుగుసార్లు లేస్తారు. నిద్ర లేదు. ఒకరోజు కాలు జారి గడప మీద పడ్డారు, నుదురు చీరుకుపోయి కుట్లు పడ్డాయి. ఆ కుట్లు విప్పడానికి వెళ్ళినప్పుడు అడిగాను. మాస్టారూ, రోజుకి ఎన్ని టీలు? "రెండేనమ్మా" అన్నారు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. నేను ఆయనకి ఒక నోటుబుక్కు ఇచ్చాను. మూడు రోజులు ఏం తాగారో, ఎప్పుడు తాగారో, ఎప్పుడు లేచారో రాయండి అన్నాను. మాస్టారు కదా, గీతలు గీసి మరీ రాశారు.

ఆ నోటుబుక్కులో ఏముందో చెబుతాను. అయిదింటికి లేవగానే ఒక టీ. ఏడింటికి పేపరుతో ఒకటి. పదింటికి ఏడురోడ్ల కూడలి దగ్గర స్నేహితులతో ఒకటి, లేచి వచ్చేటప్పుడు ఇంకొకరు ఇప్పించింది ఒకటి. మధ్యాహ్నం నిద్ర లేచాక ఒకటి. సాయంత్రం నడకకి వెళ్ళి ఒకటి. ఏడింటికి కోడలు ఆఫీసు నుంచి వచ్చి పెట్టుకుంటే దాంట్లో ఒకటి. రాత్రి టీవీ ముందు మనవడి పరీక్షల రోజులని వాడితో పాటు ఒకటి. ఎన్నయ్యాయి? ఎనిమిది. ఆయన అబద్ధం ఆడలేదండీ. ఇంట్లో తను అడిగి పెట్టించుకున్నవి రెండే, అవే గుర్తున్నాయి. చేతికొచ్చినవి లెక్కలోకి రాలేదు. మంచినీళ్ళు ఎన్ని? రెండు గ్లాసులు. ఆయన కూడా మా అమ్మలాగే రాత్రి లేవాల్సొస్తుందని నీళ్ళు తగ్గించారు. తగ్గించాల్సింది ఉంచి, ఉంచాల్సింది తగ్గించారు.

టీలో, కాఫీలో కెఫీన్ ఉంటుంది. అది రెండు పనులు చేస్తుంది. కిడ్నీల చేత ఒంటేలు కొంచెం ఎక్కువ తయారు చేయిస్తుంది. అంతకంటే ముఖ్యం, మూత్రసంచి కండరాన్ని రెచ్చగొడుతుంది. ఇందాక చెప్పాను చూడండి, మాట వినని కండరం, దాన్ని ఇంకా పొడుస్తుంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో లెక్క ఉంది. 150 మిల్లీలీటర్ల కప్పు తీసుకుంటే, డికాషన్ కాఫీలో కెఫీన్ 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజు మొత్తం మీద 300 దాటొద్దన్నారు. అది అందరికీ చెప్పిన మాట. ఒంటేలు ఆగనివాళ్ళు దానికి బాగా కింద ఉండాలి. మనవాళ్ళు ఆకు ఎంతసేపు మరిగిస్తారో మీకు తెలుసు. 65 దగ్గరే లెక్కేసుకోండి. ఎనిమిది కప్పులు ఎంతయింది? పైగా తాగిన కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికి అయిదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటి టీ, రెండింటికి కూడా సగం లోపలే ఉంటుంది. 

గ్రీన్ టీ అయితే పర్వాలేదా అని అడుగుతారు. దాంట్లోనూ కెఫీన్ ఉంటుంది. బెల్లం టీ? బెల్లం మారింది, ఆకు మారలేదు. లెమన్ టీ? అదీ అంతే.

ఎలా తగ్గించాలి? ఒక్కరోజులో మానొద్దు. తలనొప్పి వస్తుంది, చిరాకొస్తుంది, మూడోరోజుకి మళ్ళీ గ్లాసు పట్టుకుంటారు. నాలుగు రోజులకో టీ చొప్పున తీసెయ్యండి. రాత్రిది ముందు తియ్యండి, తర్వాత సాయంత్రంది. చివరికి పొద్దున ఒకటి, మధ్యాహ్నం మూడు లోపల ఒకటి మిగలాలి. గ్లాసు చేతిలో ఉండాలనిపిస్తే ధనియాల కాఫీ పెట్టుకోండి, శొంఠి నీళ్ళు పెట్టుకోండి, జీలకర్ర మరిగించుకోండి. పేరు కాఫీయే, కెఫీన్ లేదు. ఎవరింటికైనా వెళ్తే "నాకు వేడినీళ్ళియ్యమ్మా" అనండి. మర్యాదకేమీ లోటు రాదు.

మాస్టారు నెల పట్టించారు. రెండు టీలకి వచ్చారు, తీసిన టీల చోట పగటిపూట నీళ్ళు పెట్టారు. ఇప్పుడు రాత్రి ఒకసారి, ఒక్కోరోజు రెండుసార్లు లేస్తున్నారు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. కొందరికి టీ తగ్గించినా పెద్ద మార్పు ఉండదు, వాళ్ళ కారణం వేరే ఉంటుంది. కానీ డబ్బు ఖర్చు లేదు, నష్టం లేదు, మూడు వారాలు చూసుకుంటే మన ఒంటికి పడిందో లేదో మనకే తెలుస్తుంది.

ఆ నోటుబుక్కు మీరూ పెట్టండి. మూడు రోజులు చాలు. పెళ్ళిళ్ళు, ఉపవాసాలు లేని మామూలు రోజులు చూసుకోండి. ఒక పక్క తాగింది, ఎన్ని గంటలకి, ఎంత. ఇంకో పక్క వెళ్ళింది, ఎన్ని గంటలకి, ఎంత. గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూంలో పెట్టుకుంటే కొలత తెలుస్తుంది. చీర తడిసినా, లుంగీ తడిసినా అక్కడ ఒక చుక్క పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పేజీ తీసి చేతిలో పెట్టండి. నోటితో చెప్పక్కర్లేదు. సిగ్గుపడేవాళ్ళకి దీనికంటే మంచి దారి నాకు దొరకలేదు.

మిగతా వాటి గురించి గబగబా చెబుతాను. కూల్‌డ్రింకులు, ముఖ్యంగా నల్లటి కోలాలు, వాటిలోనూ కెఫీన్ ఉంటుంది, గ్యాస్ కొందరి సంచిని రేపుతుంది, షుగరున్నవాళ్ళకి ఎలాగూ పనికిరావు. షోడా కూడా కొందరికి పడదు. నిమ్మ, బత్తాయి లాంటి పులుపు రసాలు కొందరికి పడతాయి, కొందరికి పడవు. నోటుబుక్కే చెబుతుంది. పడితే మానక్కర్లేదు.

కల్లు సంగతి. ఇక్కడ మగవాళ్ళున్నారు, పల్లెల నుంచి వచ్చిన అమ్మలూ ఉన్నారు. తాటికల్లు చలవ అంటారు. చెట్టు దిగిన నీరా వేరు, పులిసిన కల్లు వేరు. పులిస్తే అది మత్తే. బీరైనా, బ్రాందీ అయినా, కల్లయినా మత్తు చేసే పని ఒకటే. ఒంట్లో నీటిని పట్టి ఉంచమని మెదడు కిడ్నీలకి ఒక హార్మోను పంపుతుంది. మత్తు ఆ హార్మోనుని ఆపుతుంది. అందుకే తాగినదానికంటే ఎక్కువ పోతుంది, పొద్దున నోరెండిపోతుంది. పైగా మత్తు నిద్రలో మెదడుకి కబురు అందదు, అందినా కాళ్ళు తడబడతాయి. 70 ఏళ్ళ మనిషి రాత్రి చీకట్లో తడబడితే ఏమవుతుంది? తుంటి ఎముక విరుగుతుంది. ఆ తర్వాత మంచం మీంచి లేవనివాళ్ళని నేను ఎంతోమందిని చూశాను. దయచేసి సాయంత్రం కల్లుని చలవ అనుకోకండి.

మనకి మంచివి మనింట్లోనే ఉన్నాయి. పొద్దున పూట చోడి అంబలి, పల్చగా చేసుకుంటే కడుపూ నిండుతుంది, నీళ్ళూ అందుతాయి. తరవాణి, అదే పులియబెట్టిన గంజి, ఈ రోజుల్లో ఎంతమంది పెడుతున్నారో తెలీదు, మా ఇంట్లో కుండ వంటింటి మూల ఉండేది, వేసవిలో అదే మాకు మొదటి తిండి. మజ్జిగ మంచిది. కొబ్బరి నీళ్ళు మనకి చవక, మంచివే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పకుండా తాగొద్దు, దాంట్లో పొటాషియం ఎక్కువ. బార్లీ నీళ్ళు తాగితే రోగం పోతుందనుకుంటారు. ఆ కాచిన దాంట్లో ఉన్నది ఎక్కువగా నీళ్ళే. పగలు తాగితే ఆ నీళ్ళ మేలు ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు చెంబుడు తాగితే మాత్రం తెల్లవార్లూ లేవాలి.

ఇక్కడ ఉప్పు మాట చెప్పాలి. మజ్జిగ అంటే మనం ఉప్పు లేకుండా తాగం. పక్కన ఆవకాయ, ఎండుచేపల ఇగురు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టుకుని కూర్చుంటుంది. పగలు పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. జపాన్‌లో నాగసాకి విశ్వవిద్యాలయం వైద్యులు 2017లో ఒక సంగతి బయటపెట్టారు. రాత్రిపూట లేచేవాళ్ళ చేత ఉప్పు తగ్గించారు. రోజుకి 10.7 గ్రాములు తినేవాళ్ళు 8 గ్రాములకి తగ్గితే, రాత్రి లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కి తగ్గింది. ఒక మాత్ర లేదు, ఒక ఇంజెక్షను లేదు. రాత్రి మజ్జిగలో ఉప్పు మానడం మన చేతిలో పనే కదా?

రాత్రి సంగతి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే మీలో ఎక్కువమందికి బాధ రాత్రే. వయసులో ఉన్నప్పుడు నేను చెప్పిన ఆ హార్మోను రాత్రి ఎక్కువగా వచ్చి ఒంటేలు తగ్గిస్తుంది. పెద్దవయసులో ఆ పెరుగుదల తగ్గుతుంది. అందుకని పగలు కంటే రాత్రే ఎక్కువ తయారవుతుంది కొందరికి. మగ్గుతో కొలిచినప్పుడు చూడండి, పడుకున్న దగ్గర నుంచి తెల్లారి మొదటిసారి వెళ్ళిందాకా కలిపితే, రోజంతటిలో మూడోవంతు దాటుతోందా? దాటితే ఆ మాట డాక్టరుకి చెప్పండి. సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయా? ఆ వాపులో ఉన్నది నీరే. పడుకోగానే పైకి వస్తుంది, కిడ్నీలకి చేరుతుంది. అందుకే మధ్యాహ్నం ఒక గంట కాళ్ళ కింద రెండు తలగడలు పెట్టుకుని పడుకోండి. ఆ నీరు పగలే పోతుంది. కొన్ని బీపీ మాత్రలతో కూడా కాళ్ళు వాస్తాయి. నీరు పోవడానికిచ్చే మాత్ర రాత్రి వేసుకుంటున్నారేమో చీటీ చూసుకోండి. వేళ మార్చవచ్చా అని డాక్టరుని అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.

ఇక తాగేవాటి వేళ. లేచిన దగ్గర నుంచి సాయంత్రం ఆరు లోపల మీ ఏడెనిమిది గ్లాసుల్లో ఆరు అయిపోవాలి. గటగటా చెంబెత్తి తాగొద్దు, గ్లాసు గ్లాసుగా. రాత్రి భోజనం ఏడున్నరకి ముగించండి, దాంతో ఒక గ్లాసు. పడుకునే ముందు రెండు మూడు గంటలు ఏమీ వద్దు, మాత్రలకి రెండు గుక్కలు చాలు. రాత్రి నోరెండితే గుక్కెడు తాగండి, పర్వాలేదు. పడుకోబోయే ముందు ఒకసారి వెళ్ళి రండి. మంచానికీ బాత్రూంకీ మధ్య చిన్న దీపం వెలగనివ్వండి, దారిలో కాళ్ళు తుడుచుకునే పట్టాలు, చెప్పులు ఉండకూడదు.

తాగేవాటితో పోనివి కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి మొదలైతే, మంట ఉంటే, జ్వరం ఉంటే, రక్తం కనబడితే, నడుం నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కితే, అసలు రాకుండా బిగుసుకుపోతే, టీలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. వెంటనే చూపించుకోండి. మాటిమాటికీ వెళ్తూ, దాహం కూడా ఎక్కువగా ఉంటే షుగరు చూపించుకోండి. మగవాళ్ళకి ధార సన్నబడి చుక్కలు చుక్కలుగా పడుతుంటే ప్రోస్టేట్ చూపించుకోండి. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళు మందుల షాపులో జలుబు మాత్ర అడిగి కొనుక్కోవద్దు, కొన్నిటితో ఒంటేలు పూర్తిగా ఆగిపోతుంది. మోకాళ్ళ నొప్పికి ఊరికే మాత్రలు మింగడమూ అంతే, కిడ్నీలకి చేటు.

ఆడవాళ్ళకి, మగవాళ్ళకి కూడా, ఒక వ్యాయామం ఉంది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దీన్ని రాశారు. నలుగురిలో ఉన్నప్పుడు గాలి రాబోతే ఎలా బిగపడతాం? ఆ కండరమే. ఊపిరి మామూలుగా తీసుకుంటూ, పొట్ట, పిరుదులు బిగించకుండా, అది ఒక్కటే పైకి లాగండి. అయిదు లెక్కపెట్టండి. వదలండి. అయిదు లెక్కపెట్టండి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఇప్పుడు ఇక్కడ కూర్చునే చెయ్యొచ్చు, పక్కవాళ్ళకి తెలీదు. మూడు నెలలు చెయ్యాలి. వారానికే ఫలితం రాదు, అందుకే మధ్యలో మానేస్తారు, మానొద్దు. గబుక్కున వచ్చినప్పుడు పరిగెత్తకండి. పరిగెత్తితే ముందే పడిపోతుంది. నిలబడండి, అయిదారుసార్లు గట్టిగా బిగించండి, ఆ అల తగ్గుతుంది, అప్పుడు నడిచి వెళ్ళండి. మా అమ్మకి నేర్పాను. 72 ఏళ్ళకి నేర్చుకుంది. "ఇది ముందే సెప్పలేకపోయేవా" అంది. తర్వాత రెండు పెళ్ళిళ్ళకి వచ్చింది, నీళ్ళు తాగింది.

కొడుకులకీ కోడళ్ళకీ ఈ మాట చేరవెయ్యండి. ఇంట్లో శుభకార్యం పెట్టుకుంటే హాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు స్టేజీ ముందు చూడకండి, బాత్రూం చూడండి. పెద్దవాళ్ళు కూర్చునే చోటుకి ఎంత దూరం, మెట్లున్నాయా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి అడగండి. పెద్దావిడ గ్లాసు వద్దంటే ఎందుకు వద్దంటోందో ఒకసారి పక్కన కూర్చుని అడగండి.

ఎవరమ్మా, అడగండి. ఫర్వాలేదు, గట్టిగానే అడగండి. రథసప్తమికి అరసవల్లి లైన్లో అర్ధరాత్రి నుంచి నిలబడాలి, అప్పుడెలాగ అంటున్నారు. మంచి ప్రశ్న, ఏడాదికోసారి వచ్చే పండగ, మానుకోమని ఎలా అంటాను? ముందురోజు పగలంతా మామూలుగా తాగండి. సాయంత్రం నుంచి టీ, కాఫీ ఒక్క చుక్క వద్దు, మెలకువ కోసం అని పక్కవాళ్ళు ఫ్లాస్కు తీసినా వద్దు. బయల్దేరే ముందు వెళ్ళి రండి. లైన్లో గంటకి అరగ్లాసు చొప్పున గుక్కలు గుక్కలుగా తాగండి, పూర్తిగా మానొద్దు. ఒక్కరే వెళ్ళకండి, మీ చోటు పట్టి ఉంచడానికి ఒక మనిషి ఉండాలి. పెద్దవాళ్ళకి ప్యాడ్లు వస్తున్నాయి, అలాంటి రోజు కట్టుకుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. మందుల షాపులో ఉంటాయి. నోటితో అడగడం కష్టమనిపిస్తే చీటీ మీద నేను రాసిస్తాను, అది చూపించండి చాలు. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను, ఒక్కొక్కరే రండి. నోటుబుక్కులు కూడా కొన్ని తెచ్చాను. నీళ్ళ బిందె ఇక్కడే ఉంది, బాత్రూం కుడివైపు మూడో తలుపు, తాళం తీయించాను.